‘చేవ’ మిగిలినా తేదీ ఎందుకు పోతుంది?

ప్రశ్న: చెట్టు వలయాలను బట్టి పాత కట్టడాల కాలాన్ని నిర్ణయించే పద్ధతిపై ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. దూలంలో చేవ మాత్రమే మిగిలి, రసదారువు (బెరడు కిందనుండే లేత కర్ర) పోయినందువల్ల కచ్చితమైన తేదీ చెప్పలేమని అందులో ఉంది. కర్రకు సారమంతా చేవలోనే ఉంటుంది కదా! అది నిలిచి ఉండగా తేదీ ఎలా పోతుందో బోధపడలేదు. ఇక్కడ ‘చేవ’ అనడం తగునా?

సమాధానం: మాట సరైనదేనండి. కాండం నడిమి భాగంలో ముదిరి, రంగు తిరిగి, గట్టిపడిన కర్రే చేవ. చేవగలవాడు, చేవచచ్చినవాడు అనే వాడుకలు దీనినుంచే పుట్టాయి కాబట్టి, విలువైనదంతా చేవలోనే ఉంటుందని మనకు తోచడం సహజం. కాలనిర్ణయంలో మాత్రం సంగతి తలకిందులవుతుంది. చెట్టు ఏటేటా కొత్త కర్రను బెరడు కిందనే వేసుకుంటూ పోతుంది కనుక, దవ్వను ఆనుకున్న వలయం దాని బాల్యానిది, బెరడును ఆనుకున్నది దానిని నరికిన ఏటిది. పురుగు పట్టే లేత కర్రను వడ్రంగి చెక్కివేశాడంటే, ఆ చెక్కపొట్టుతోపాటే చెట్టు చివరి సంవత్సరాలు కూడా పోయినట్టే. అటువంటి దూలాన్ని బట్టి ‘ఈ చెట్టును ఫలానా ఏటికి ముందు నరకలేదు’ అని మాత్రమే చెప్పగలం.

అదే బెరడు అంచు చెక్కుచెదరకుండా ఉంటే ఏడాదే కాదు, ఋతువు కూడా తెలుస్తుంది. ఓక్ దూలపు చివరి వలయంలో పెద్ద రంధ్రాలున్న వసంతదారువు (ఏటి పెరుగుదల మొదట్లో వేసే కర్ర) మాత్రమే కనబడి, దాని వెనుక రావలసిన దట్టమైన శరద్దారువు (పెరుగుదల చివర్లో వేసేది) లేకపోతే, ఆ చెట్టు పెరుగుదల కాలం మొదట్లోనే గొడ్డలికి గురైందన్నమాట.

మీ వ్యాసంలో ‘వలయాలను లెక్కించి తేదీ చెబుతారు’ అని రాయవద్దని కూడా మనవి. లెక్కిస్తే వచ్చేది వయసు. తేదీ రావాలంటే వలయాల వెడల్పులలోని హెచ్చుతగ్గుల వరుసను, సంవత్సరాలు తెలిసిన మరొక వరుసతో సరిపోల్చాలి. అమెరికా నైరుతి ప్రాంతపు పురాతన శిథిలాలలోని దూలాల వరుసలు, బతికున్న చెట్లతో మొదలైన వరుసకు అతకక చాలాకాలం విడిగానే ఉండిపోయాయి. ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆండ్రూ డగ్లస్ బృందానికి 1929లో అరిజోనాలోని ‘షో లో’ అనే ఊరి వద్ద దొరికిన, హెచ్‌హెచ్-39 అని గుర్తు పెట్టిన కాలిన దూలం ఆ రెండింటినీ కలిపింది. అలా విడిగా ఉన్న వరుసను ‘తేలియాడే వరుస’ అనేకంటే ‘కుదురు దొరకని వరుస’ అంటే తెలుగు పాఠకుడికి వెంటనే అందుతుందని నా అభిప్రాయం.

మరో ప్రశ్న: ‘వార్షిక వలయం’ అనాలా, ‘వృద్ధి వలయం’ అనాలా?

సమాధానం: ఏడాదికొకటి అని రుజువైన చోట ‘వార్షిక’ అనవచ్చు. తీవ్రమైన కరవు ఏట కొన్ని చెట్లలో కొంతమేర వలయమే ఏర్పడదు. పెరుగుదల నడిమధ్యలో ఆగి మళ్లీ సాగితే ఒకే ఏట రెండున్నట్టు కనబడుతుంది. అందుకే ‘వృద్ధి వలయం’ నాకు ఎక్కువ నచ్చుతుంది.

చేవ సంగతి అడవులకూ వర్తిస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ తీరంలో ఒక పెను భూకంపానికి నేల కుంగి, ఉప్పునీటికి చచ్చిన ‘వెస్టర్న్ రెడ్ సెడార్’ చెట్ల మోళ్లు నేటికీ నిలిచి ఉన్నాయి. వాటి కాండాల పైవలయాలు ఎండవానలకు రాలిపోయాయి కనుక మరణించిన ఏడు వాటిలో దొరకలేదు. బురదలో కప్పబడిన వేళ్లకు మాత్రం బెరడు మిగిలింది. ఆ వేళ్ల చివరి వలయం 1699వ సంవత్సరానిది. జపాను తీరాన్ని తాకినట్టు అక్కడి పత్రాలలో నమోదైన, భూకంపమేదీ తెలియని సునామీ 1700 జనవరి నాటిది. అంటే 1699 వలయం ముగిశాక, మరుసటి వలయం మొదలుకాకముందే ఆ చెట్లు చచ్చాయన్నమాట; రెండు లెక్కలూ సరిపోయాయి.