కొత్త సంఘానికి ముందు రిజిస్ట్రేషనా, బడి సమస్యా? మెంటర్ మాట ఎంతవరకు వినాలి?

కనిగిరి తల్లి:
మేం ఏడుగురు తల్లులం. మా బడిలో ఆరు నుంచి ఎనిమిది వరకు లెక్కలు చెప్పే టీచర్ జూన్ నుంచి లేరు. పిల్లల చదువు కోసం సంఘం పెట్టుకుందామనుకున్నాం. అనుభవమున్న ఒక సార్ విజయవాడ నుంచి మెంటర్‌గా ఉంటానన్నారు. ముందు సొసైటీ రిజిస్టర్ చేయించి, బ్యాంకు ఖాతా తెరిచి, ఆ తర్వాతే ఆఫీసులకు వెళ్లమంటున్నారు. మూడు నెలలు బైలా (సంఘం నియమాల) కాగితాలకే సరిపోయాయి. సంక్రాంతి దాటితే మాలో ఇద్దరు బెంగళూరు పనులకు వెళ్లిపోతారు. ఆయన మాట వినాలా, ఇప్పుడే ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని కలవాలా?

కావలి రిటైర్డ్ మాస్టారు:
ఆయన చెప్పింది తప్పు కాదమ్మా. 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురుంటే చాలు. నేను పనిచేసిన ఊళ్లలో రెండు సంఘాలు చందా లెక్కల దగ్గరే విడిపోయాయి. రశీదుల్లేవు, తీర్మానాల పుస్తకం లేదు. పక్కపక్క ఇళ్లవాళ్లు మాటలు మానేశారు.

కొండాపురం నుంచి:
మాస్టారూ, లెక్క రాసుకోవాలన్నది నిజమే. దానికి ఒక నోటుపుస్తకం చాలు కదా.

అక్కా, మీకు గుర్తింపు ఇప్పటికే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. ఆ కమిటీలో తీర్మానం రాయించండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు లెక్కలు, సైన్సు చెప్పడానికి కనీసం ఒక టీచర్ ఉండాలని అదే చట్టం షెడ్యూలులో ఉంది. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో చెప్పాలి. పౌరులెవరైనా అడగొచ్చు, సంఘం పేరు అక్కర్లేదు.

మా పక్క కలిగిరి మండలం దూబగుంటనే చూడండి. 1990ల మొదట్లో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా గురించిన పాఠం చదివి, మాట్లాడుకుని, ఊళ్లో సారా అంగడి మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అక్షరాస్యత కార్యకర్తలు పాఠం చదివించారు, మాట్లాడించారు. అంగడికి అడ్డం నిలబడింది ఆ ఆడవాళ్లే.

మెంటర్ని వదులుకోమనను. అర్జీ మీరు రాసి ఆయన చేత దిద్దించుకోండి. ఎంఈఓ ఏం అడగొచ్చో, మీరేం చెప్పాలో ముందురోజు ఆయనతో కూర్చుని అనుకోండి. ఆఫీసులో మాట్లాడేది మాత్రం మీరే కావాలి. నేనున్న సంఘంలో అన్నిచోట్లా మెంటరే మాట్లాడేవారు. ఆయన వేరే జిల్లాకు వెళ్లాక ఆఫీసర్ ముందు మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఆ రిజిస్ట్రేషన్ పత్రం ఇంకా మా బీరువాలోనే ఉంది.

కావలి రిటైర్డ్ మాస్టారు:
ముందు అర్జీ పెట్టమన్నదానికి ఒప్పుకుంటాను. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా బయటివాళ్ల డబ్బు ఒక్క రూపాయి కూడా ముట్టుకోవద్దు. ఆ విషయంలో నా మాట మారదు.

కనిగిరి తల్లి:
మాలో ఇద్దరం కమిటీ సభ్యులమే. సోమవారం తీర్మానం రాయిస్తాం. మెంటర్ సార్‌కి ఫోన్ చేస్తే అర్జీ దిద్ది పంపిస్తానన్నారు, తనూ వస్తానంటే వద్దని చెప్పాను. ఎంఈఓ గారి ముందు నన్నే మాట్లాడమంటున్నారు అందరూ. టెన్షన్‌గానే ఉంది. ఈ రాత్రి మా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకసారి చెప్పి చూస్తాను.