2001 రామ్ కమిన్స్‌కి గేజిలు: మెకానికలా, ఎలక్ట్రికా?

డాలస్_పొలం:
2001 డాడ్జ్ రామ్ 2500 తీసుకున్నానండీ, 5.9 లీటర్ల కమిన్స్ 24 వాల్వ్ డీజిల్ ఇంజిన్, ఆటోమేటిక్. ఊరి బయట పొలం ఉంది, ట్రైలర్ లాగాలి. దీనికి కంపెనీ బూస్ట్ గేజి (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ప్రెషర్ చూపేది), ఫ్యూయల్ ప్రెషర్ గేజి, ఎగ్జాస్ట్ టెంపరేచర్ గేజి ఏవీ ఇవ్వలేదు. మూడూ పెట్టిద్దామంటే మెకానికల్ అని ఒకళ్ళు, ఎలక్ట్రిక్ అని ఇంకొకళ్ళు. ఏది మంచిది?

ఆటోనగర్_మేస్త్రి:
మెకానికలే తమ్ముడూ, ఇంకో మాట లేదు. లోపల వంకరగా ఇత్తడి గొట్టం ఉంటది, ప్రెషర్ వస్తే అది కొంచెం చాపుకుంటది, ముల్లు తిరుగుద్ది, అయిపోయింది. కరెంట్ అక్కర్లేదు, సెన్సార్ పోయిద్దన్న భయం లేదు. మా బెజవాడలో పాత లారీలకి ఎయిర్ బ్రేక్ గాలి పైపు డైరెక్ట్‌గా డాష్‌బోర్డులోకే వచ్చిద్ది, ఏళ్ళ తరబడి పనిచేస్తానే ఉంటాయి.

హ్యూస్టన్_డీజిల్:
మేస్త్రి గారూ, ఆ పైపులో ఉండేది గాలి. ఇక్కడ డీజిల్. నా దృష్టిలో అసలు తేడా అక్కడే ఉంది, పైపులో ఏం పారుతోందో చూసి గేజి ఎంచుకోవాలి తప్ప మూడింటికీ ఒకే రకం అని పట్టు పట్టకూడదు.

బూస్ట్‌కి మీరన్నదే కరెక్ట్, మెకానికలే కొనండి. మార్పులు చేయని స్టాక్ ఇంజిన్‌లో 20 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చుట్టుపక్కల వచ్చేది గాలే కదా, సన్న నైలాన్ ట్యూబ్ లీకైనా కాస్త బుస్సుమంటది, రీడింగ్ తగ్గుతది, అంతకన్నా ఏం కాదు. ఎగ్జాస్ట్ టెంపరేచర్‌కి వాదనే అక్కర్లేదు, అది థర్మోకపుల్‌తో, అంటే వేడికి చిన్న కరెంట్ పుట్టించే ప్రోబ్‌తో నడిచే ఎలక్ట్రిక్ గేజి. ప్రోబ్ మాత్రం టర్బోకి ముందు, ఇంజిన్ పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లో పెట్టించండి, టర్బో దాటాక వేడి బాగా తగ్గిపోయి కనపడతది, ట్రైలర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు అసలు సంగతి తెలీదు. ఎక్కువసేపు 1300 ఫారెన్‌హీట్ దాటనివ్వకండి, అల్యూమినియం పిస్టన్లకి ప్రమాదం.

ఫ్యూయల్ ప్రెషర్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. డీజిల్ పైపుని క్యాబిన్‌లోకి తేవడమేంటండీ, ఒక్క ఫిట్టింగ్ లూజైతే కాళ్ళ మీద, కార్పెట్ మీద డీజిలే, ఆ వాసన ఇక పోదు. ఎలక్ట్రిక్ పెడితే సెండర్, అంటే ప్రెషర్ కొలిచే సెన్సార్, ఇంజిన్ దగ్గరే ఉంటది, లోపలికి వైరే వస్తది.

ఆటోనగర్_మేస్త్రి:
దానికి ఐసోలేటర్ ఉందిగా బాబూ. మధ్యలో డయాఫ్రం, అవతల డీజిల్, ఇవతల కూలెంట్. లోపలికి డీజిల్ చుక్క రాదు.

హ్యూస్టన్_డీజిల్:
నిజమేనండీ, సేఫ్టీ వరకు పనికొస్తది. కానీ ఆ గొట్టంలో గాలి బుడగ మిగలకుండా నింపడం కష్టం, పైగా మూసిన గొట్టంలో ఉన్న ద్రవం వేడికి వ్యాకోచించి ముల్లుని పక్కకి జరుపుతది. ఈ బండిలో మనం చూసేదే 10 పీఎస్ఐ దగ్గర, అక్కడ రెండు మూడు పీఎస్ఐ తేడా అంటే చిన్న విషయం కాదు. వీపీ44 ఇంజెక్షన్ పంపుకి చల్లదనమూ, లూబ్రికేషనూ రెండూ డీజిలే. ట్యాంకు నుంచి దానికి డీజిల్ తోసే లిఫ్ట్ పంపు నీరసించిందంటే ముందు చెప్పేది ఈ గేజి ఒక్కటే, అది పట్టించుకోకపోతే పోయేది ఖరీదైన వీపీ44.

డాలస్_పొలం:
ఎలక్ట్రిక్ సెండర్లు ఈ ఇంజిన్ మీద ఊరికే పోతాయని విన్నాను మరి?

హ్యూస్టన్_డీజిల్:
పోతాయి, ఊరికే కాదు. వీపీ44 డీజిల్ లైన్‌లోకి వెనక్కి ప్రెషర్ దెబ్బలు కొడతా ఉంటది, సెండర్‌ని డైరెక్ట్‌గా బిగిస్తే ఆ దెబ్బలకే చచ్చిపోతది. మధ్యలో నీడిల్ వాల్వ్ (దారిని సన్నగా చేసే చిన్న వాల్వ్) పెట్టి, దాదాపు మూసేసి, ముల్లు వణకడం ఆగేంత మాత్రమే తెరవండి.

ఆటోనగర్_మేస్త్రి:
ఆ దెబ్బలు మెకానికల్ గేజినీ పాడుచేస్తయ్, వాల్వ్ దేనికైనా కావాల్సిందే. నా మాట నాదే అనుకో, వైరు తెగితే కొండ మీద మధ్యలో గుడ్డోడివైపోతావ్. ఎలక్ట్రికే పెట్టేటట్టయితే సింగిల్ వైర్ సెండర్ బిగించే మర మీద టెఫ్లాన్ టేప్ తెగ చుట్టబాక, ఎర్త్ బాడీ నుంచే అందాలి, లేకపోతే రీడింగ్ తప్పు చూపిచ్చిద్ది.

డాలస్_పొలం:
థాంక్సండీ ఇద్దరికీ. ఫ్యూయల్‌కి ఎలక్ట్రిక్, బూస్ట్‌కి మెకానికల్ తీసుకుంటున్నా. ఫ్యూయల్ గేజికి ట్యాప్ (లైన్‌లోంచి ప్రెషర్ తీసుకునే చోటు) ఫిల్టర్‌కి ముందా, తర్వాతా?

హ్యూస్టన్_డీజిల్:
ఫిల్టర్ తర్వాత, వీపీ44 కి ముందు. అప్పుడు ఫిల్టర్ మూసుకుపోయినా అదే గేజిలో తెలుస్తది.