లాక్‌డౌన్ ప్రభావాన్ని వాతావరణ ప్రభావం నుంచి వేరుచేయడం ఎలా?

రద్దీ కూడలి పక్కనున్న గాలి నాణ్యత కొలిచే కేంద్రం గంటవారీ కొలతలతో 2020 లాక్‌డౌన్‌లో గాలి ఎంత మారిందో లెక్కిస్తున్నాను. 2020 ఏప్రిల్‌ను 2017, 2018, 2019 ఏప్రిల్ నెలల సగటుతో పోల్చాను. నైట్రోజన్ డయాక్సైడ్ బాగా తగ్గింది, ముఖ్యంగా ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య. ఓజోన్ మాత్రం పెరిగింది, అదీ రాత్రిపూట ఎక్కువగా. ఎండ లేని వేళ కొత్తగా ఓజోన్ పుట్టదు కాబట్టి, దాన్ని హరించి తాను నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారే నైట్రిక్ ఆక్సైడ్ (వాహనాల పొగలోది) తగ్గడమే కారణమనుకున్నాను. ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్‌లను కలిపి చూస్తే మొత్తం దాదాపు మారలేదు, అదీ దీనికి సరిపోతోంది. అంతవరకు సంతృప్తిగానే ఉంది.

నన్ను వేధిస్తున్నది పీఎం 2.5 (2.5 మైక్రాన్లలోపు సూక్ష్మ ధూళి కణాలు). వాన రోజులు తీసేశాను, గాలి వేగం సెకనుకు 2 మీటర్లలోపు ఉన్న గంటలే ఉంచాను. అయినా ఫలితం నిలకడగా లేదు. తర్వాత ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, దిశ, వారంలోని రోజు ఇచ్చి 2017–2019 కొలతలపై రాండమ్ ఫారెస్ట్ (పాత కొలతల నుంచి నేర్చుకుని అంచనా వేసే కంప్యూటర్ పద్ధతి) నమూనా తయారుచేశాను. అది 2020 జనవరి, ఫిబ్రవరిలకే పీఎం 2.5ను వాస్తవం కన్నా ఎక్కువ చూపిస్తోంది. అప్పటికి లాక్‌డౌన్ మొదలే కాలేదు!

లాక్‌డౌన్‌కు ముందే ఉన్న ఈ తేడాను ఏప్రిల్ తేడా నుంచి నేరుగా తీసివేయడం సరైన పద్ధతేనా?