గిఫ్ సైజు తగ్గాలి, ఆకాశంలో చారలు మాత్రం రాకూడదు. ఎలా?

కర్నూలులో మా బాబాయి ఫ్లెక్సు షాపులో డిజైన్లు చేస్తుంటాను. ఒక గృహప్రవేశానికి కదిలే ఆహ్వానం అడిగారు. వెనకాల సాయంత్రం పూట కొండారెడ్డి బురుజు, ముందు దీపం రెపరెపలాడుతుండాలి, కింద పేర్లు ఒక్కొక్కటే రావాలి. జింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గిఫ్‌గా (కదిలే బొమ్మ ఫైలుగా) చేశాను. చూడ్డానికి బాగుంది గానీ ఎక్స్‌పోర్ట్ చేస్తే 14 ఎంబీ! వాళ్లకేమో 3 లోపే కావాలంట.

వెడల్పు 1080 నుంచి 540కి దించాను, ఫ్రేములు సగం తీసేశాను, ఫిల్టర్స్‌లో యానిమేషన్ కింద ఉండే 'ఆప్టిమైజ్ ఫర్ గిఫ్' కూడా నడిపాను. 5 ఎంబీ దగ్గర మొండికేసింది.

అసలు చిక్కు ఆకాశంతోనే. గిఫ్‌లో ఫ్రేముకు 256 రంగులే కదా. 64కి తగ్గించి డిథరింగ్ (లేని రంగు ఉన్నట్టు కనిపించేలా ఉన్న రంగుల చుక్కలు కలిపి చల్లడం) ఆపితే బురుజు వెనక నారింజ రంగంతా మెట్లుమెట్లుగా చీలిపోతోంది. ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ రకం డిథరింగ్ పెడితే నున్నగా వస్తుంది, కానీ దీపం కదిలినప్పుడల్లా చుట్టుపక్కల చుక్కలూ మారిపోయి సైజు మళ్లీ పెరుగుతోంది.

'పొజిషన్డ్' డిథరింగ్ పెడితే చుక్కలు కదలకుండా ఉంటాయా? లేక గిఫ్‌సికిల్ అనే గిఫ్ టూల్‌లో లాసీ (నాణ్యత కాస్త వదులుకుని సైజు తగ్గించే) ఆప్షన్ వాడడమే మేలా? వాడితే ఎంత విలువ దాకా తెలుగు అక్షరాల ఒత్తులు చెదరకుండా ఉంటాయి? వెబ్‌పీ ఫార్మాట్‌లో చేయమని మాత్రం చెప్పకండి, ఆహ్వానం అడిగిన పెద్దాయన గిఫ్ అంటే గిఫ్పే అంటున్నారు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండన్నా.