ఆసుపత్రి ప్రమాదాల విచారణకు గడువు పెట్టాలా, వద్దా?

లెక్కలమనిషి: ప్రభుత్వాసుపత్రిలో మందు తారుమారైనా, ఒక కాలికి బదులు ఇంకో కాలికి ఆపరేషన్ చేసినా, ఆ విచారణ ఎక్కడిదాకా వచ్చిందో చూపే పట్టిక ఉండాలి. దానికి గట్టి గడువు కూడా ఉండాలి. ఇంగ్లండ్‌లో 2015 నిబంధనల ప్రకారం 60 రోజులు ఉండేది. 2022లో కొత్త పద్ధతి తెచ్చి తీసేశారు. ఇక అడిగేవాళ్లెవరు?

పాతనర్సు: 60 పనిదినాలండీ, రోజులు కాదు. కొత్త పద్ధతిలోనూ మామూలుగా మూడు నెలల్లోపు, ఎంత ఆలస్యమైనా ఆరు నెలలు దాటకూడదనే ఉంది. గడువు ముంచుకొస్తే ఏం చేస్తారో నేను చూశాను. గాఢమైన పొటాషియం క్లోరైడ్ ఆంప్యూళ్లు, సెలైన్ ఆంప్యూళ్లు మా వార్డులో ఒకే అరలో ఉండేవి. సైజూ ఒకటే. హడావిడిలో ఒకటనుకుని ఇంకొకటి ఎక్కించారు. పొటాషియం అలా నేరుగా వెళ్తే గుండె ఆగిపోతుంది. విచారణలో ఏం తేల్చారు? 'సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇచ్చాం.' 58వ రోజున పట్టికలో 'పూర్తి' అని కొట్టేశారు. మర్నాడు డ్యూటీకి వెళ్తే ఆంప్యూళ్లు అదే అరలో ఉన్నాయి.

లెక్కలమనిషి: పనిదినాలే అనుకోండి. మీ లెక్క ప్రకారమే గడువులోపు అయిందిగా?

పాతనర్సు: ఏం అయిందండీ? కాగితం అయింది!

చూసిపోయేవాడు: పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

వానచినుకు: మీకిది ఆటలా ఉంది. మా అమ్మకు వేరేవాళ్ల ఇంజెక్షన్ ఇచ్చారు. పదకొండు నెలలకు ఉత్తరం వచ్చింది, అందులో అమ్మ వయసు కూడా తప్పే. గడువు వద్దనేవాళ్లు ఆ పదకొండు నెలలు మా ఇంట్లో కూర్చోవాల్సింది.

పాతనర్సు: గడువు వద్దని నేనెక్కడన్నాను? మీకు కావాల్సింది తారీఖు కాదు, ఎవరో ఒకరి పేరు. చివరికి ఆ పేరు రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుదే అవుతుంది. నాదే అయింది.

వానచినుకు: ఎవరి పేరూ వద్దు నాకు. వారానికోసారి ఫోన్ చేసి 'ఇంకా తేలలేదమ్మా' అని చెప్పే మనిషి కావాలి. ఆ పట్టికలో ఇంటివాళ్లకు చెప్పారా లేదా అనే గడి ఉందా?

పాతనర్సు: మా దగ్గర ఉండేది. అందరూ 'అవును' అనే పెట్టేవాళ్లు. నేనూ పెట్టాను.

లెక్కలమనిషి: అయితే ఆ గడికీ ఒక గడువు పెట్టాలి.