నాన్నకి మనిషిని పెడదామంటే అమ్మ ఒప్పుకోవట్లేదు (గుంటూరు)

రెండోవాడు:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నకి 76, హైస్కూల్ మాస్టారుగా రిటైరయ్యారు. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వచ్చి చాలా ఏళ్ళయింది, మొన్నమొన్నటిదాకా కర్ర పట్టుకుని తన పని తను చేసుకునేవారు, ఈ ఏడాది బాగా తగ్గిపోయారు. రాత్రిళ్ళు బాత్రూమ్‌కి లేచి పడిపోతున్నారు. అమ్మకి 70 దాటాయి, మోకాళ్ళు అరిగిపోయి తనే గోడ పట్టుకుని నడుస్తుంది, అయినా నాన్నని లేపేదీ స్నానం చేయించేదీ అన్నం కలిపి పెట్టేదీ అన్నీ ఆవిడే. నేను విజయవాడ పటమటలో ఉంటాను, ప్రైవేటు ఉద్యోగం, శని ఆదివారాలు వెళ్తాను. అన్నయ్య బెంగళూరు. మా ఫ్లాటుకి తీసుకొస్తానంటే నాన్న ససేమిరా అంటారు, తన ఇల్లు, తన వీధి అరుగు వదిలి రారు.

ఒక ఏజెన్సీ వాళ్ళు 24 గంటలూ ఉండే మగమనిషిని పంపిస్తామన్నారు, నెలకి 24 వేలు, భోజనం మనదే. నాన్న పెన్షన్ ఉంది కాబట్టి డబ్బుకి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా అమ్మే. "ఎవరో పరాయి మగాడు హాల్లో పడుకుంటే నేనెక్కడ కూర్చోను, మూడు పూటలా అతనికి వండేదెవరు" అంటుంది. నాన్న కూడా అమ్మ తప్ప ఇంకెవరు ముట్టుకున్నా చిరాకు పడతారు. ఇక చుట్టాల సంగతి చెప్పక్కర్లేదు, ఇద్దరు కొడుకులుండి జీతానికి మనిషిని పెడతారా అని పెళ్ళిళ్ళలో కూడా ఇదే మాట. మా మేనమామ ఇంకాస్త ముందుకెళ్ళి, ఎవరు చూసుకుంటే వాళ్ళకి ఇల్లు రాసేయమన్నారు. అప్పట్నుంచి అన్నయ్య ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు.

మనమే చూసుకోవాలా, మనిషిని పెట్టాలా, ఏదైనా వృద్ధుల హోమ్‌లో చేర్చాలా? ఈ దశ దాటినవాళ్ళు చెప్పండి.

కృష్ణలంక_బాబాయ్:
"మనమే చూసుకోవడం" అని రాశారు కానీ, మీరు చెప్పిన ప్రకారం చూసుకుంటున్నది ఒక్క అమ్మగారే, ఆవిడకి 70 దాటాయి. రేపు ఆయన్ని లేపబోయి ఆవిడ కూడా పడి తుంటి ఎముక విరిగితే అప్పుడు రెండు మంచాలు. చుట్టాలు ఆ మాట అనరు, వాళ్ళకి కనిపించేది కొడుకులే.

నా సలహా, 24 గంటల మనిషి జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఉండే మనిషిని పెట్టండి. పడిపోతున్నది రాత్రే కదా. పొద్దున్న వెళ్ళేముందు స్నానం కూడా అతనే చేయించేస్తే సగం బరువు తీరుతుంది, పగలు ఇల్లు అమ్మగారిదే. ఆవిడ గొడవ నాన్నగారి గురించి కాదు, తన వంటింటి గురించీ తన హాలు గురించీ, దాన్ని చాదస్తం అని కొట్టిపారేయకండి. మా నాన్న మంచం పట్టాక మేం ఇలాగే మొదలుపెట్టాం, ముందు మొహం తిప్పుకున్న మా అమ్మే తర్వాత ఆ కుర్రాడు పండక్కి ఊరెళ్తానంటే బెంగ పెట్టుకుంది.

ఇంకోటి, ఏజెన్సీ వాళ్ళతో ముందే గట్టిగా మాట్లాడుకోండి. మనిషి నచ్చకపోతే ఎన్ని రోజుల్లో మారుస్తారు, సంక్రాంతికి వెళ్తే బదులు ఎవరొస్తారు, కట్టిన అడ్వాన్సు సంగతేంటి. ఆధార్ కాపీ తీసుకోండి, పోలీసు వెరిఫికేషన్ అయిందా అని అడగండి, బంగారం బ్యాంకు లాకర్లో పెట్టేయండి. అనుమానించమని కాదు, రేపు ఏదైనా కనబడకపోతే పాపం మొదటి నింద పడేది అతని మీదే.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
నేను జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) చేసి కొన్నేళ్ళు హాస్పిటల్లో, తర్వాత ఇళ్ళల్లో డ్యూటీ చేసినదాన్ని. ఏజెన్సీ వాళ్ళు "ట్రైన్డ్" అంటే నమ్మేయకండి, ఏం చదివాడు అని అడగండి. చాలామంది ఏ కోర్సూ చేయనివాళ్ళే, పనిలో నేర్చుకున్నవాళ్ళు. మీ నాన్నగారికి ఇప్పుడు నర్సు అవసరం లేదు, పట్టుకుని నడిపించగల ఓపికున్న మనిషి చాలు. ఇంజెక్షన్లు, ముక్కు గొట్టం, యూరిన్ పైపు అవసరం పడితే అప్పుడు నర్సు.

కానీ పార్కిన్సన్స్ కాబట్టి ఎవరొచ్చినా కొన్ని నేర్పి తీరాలి. ఈ జబ్బుకి వేసే లెవోడోపా మాత్ర టైముకి పడాలి, అన్నం తిన్నాక వేద్దాంలే అంటే కుదరదు. పప్పు, గుడ్డు, పెరుగు లాంటివి దాంతోపాటే తింటే మందు సరిగ్గా ఒంటికి పట్టదు, అందుకే మామూలుగా తిండికి అరగంట ముందు వేయమంటారు, మీ డాక్టరు ఎలా చెప్తే అలా టైములు కాగితం మీద రాసి గోడకి అంటించండి. డాక్టరు చెప్పకుండా ఆ మాత్ర ఎప్పుడూ ఆపకూడదు. రాత్రి పడటానికి ఒక కారణం, పడుకుని చటుక్కున లేస్తే బీపీ పడిపోవడం. మంచం అంచున ఒకట్రెండు నిమిషాలు కూర్చోబెట్టి లేపాలి. అసలు అర్ధరాత్రి బాత్రూమ్ దాకా నడిపించడం ఎందుకండీ, మంచం పక్కనే యూరిన్ బాటిల్ పెట్టండి. నడుస్తూ కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతే లాగకూడదు, ఆగి "ఒకటి రెండు, ఒకటి రెండు" అని లెక్కపెడితే చాలామందికి అడుగు పడుతుంది.

ఇది కూడా గుర్తుపెట్టుకోండి, వేరే జబ్బుతో ఏ క్లినిక్‌కి వెళ్ళినా ముందు పార్కిన్సన్స్ అని చెప్పండి. వాంతులకి మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్ వీళ్ళకి పడదు, వణుకూ బిగుసుకుపోవడం ఎక్కువైపోతాయి.

మా వైపు నుంచి ఒక మాట. 24 గంటల మనిషి అంటే 24 గంటలూ మెలకువగా ఉంటాడని కాదు. రాత్రి నాలుగుసార్లు లేపి, పగలు అంట్లు తోమమని, బజారుకెళ్ళమని అంటే ఎవరూ నిలవరు. మనుషులు మారిపోతున్నారని గోల పెట్టే ఇళ్ళు నేను చూసినవి ఎక్కువ ఇలాంటివే.

లక్ష్మీపురం_కోడలు:
హోమ్ అనగానే అందరూ మొహం చిట్లిస్తారు కాబట్టి నేను చెప్తాను. మా అత్తయ్యగారికి మతిమరుపు ముదిరి, గేటు తీసుకుని రోడ్డు మీదకి వెళ్ళిపోయేవారు. ఇంట్లో ముగ్గురం వంతులేసుకున్నా కావలి కాయలేకపోయాం, మనిషిని పెడితే ఆ మనిషిని దొంగ అని కొట్టేవారు. చివరికి ఊరికి దగ్గర్లోనే హోమ్‌లో చేర్చాం. అక్కడ ఆవిడ టైముకి తిని నిద్రపోతారు. మా మీద పడ్డ మాటలకి మాత్రం లెక్కలేదు, అన్నవాళ్ళలో ఒక్కరు కూడా ఒక్క రాత్రి వచ్చి కూర్చోలేదు.

అయితే మీ నాన్నగారికి ఇప్పుడే హోమ్ వద్దనే నా అభిప్రాయం, ఆయనకి మనుషులు తెలుస్తున్నారు, ఇల్లు తెలుస్తోంది. ఎప్పుడైనా చూడ్డానికి వెళ్తే మాత్రం చెప్పకుండా వెళ్ళండి, మధ్యాహ్నం భోజనాల వేళకి. ఆఫీసు గది కాదు, మంచాన ఉన్నవాళ్ళ గదిలోకి వెళ్ళి వాసన చూడండి, వీపులు చూపించమని అడగండి. కదల్లేనివాళ్ళని రెండేసి గంటలకి పక్కకి తిప్పకపోతే పుళ్ళు పడతాయి. చూపించడానికి నసిగితే బయటికొచ్చేయండి. రాత్రి ఎంతమందికి ఒక మనిషి అన్నది కూడా అడగండి.

ఆర్డీవో_ఆఫీస్_పక్కన:
ఇల్లు రాయడం గురించి ఎవరూ అనలేదు కాబట్టి చెప్తున్నా. తొందరపడి రాయించకండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది, అందులో 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే ఆ దస్తావేజుని రద్దు చేయించుకోవచ్చు, ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవాలి. కానీ ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవాలి, "ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను" అని మాత్రమే రాస్తే తర్వాత నిరూపించడం కష్టం. పైగా మీ ఇంట్లో ఆ మాట ఎత్తగానే అన్నదమ్ముల మధ్య చెడింది. మీ అమ్మగారి బతుకు కూడా ఆ ఇంట్లోనే కదా, ఆవిడ ఉండగా ఆ ప్రస్తావనే అనవసరం. అన్నయ్యకి మీరే ఫోన్ చేసి, ఇల్లు గురించి కాదు, నెలనెలా ఎవరు ఎంత, ఎవరు ఏ వారం అన్నది తేల్చుకోండి. ఆయన బెంగళూరు నుంచి రెండు నెలలకోసారి వచ్చి వారం ఉన్నా అమ్మగారికి గాలి పీల్చుకునే సందు దొరుకుతుంది. వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది, సలహాకి కూడా చేయొచ్చు.

రెండోవాడు:
అందరికీ థాంక్స్ అండి. రాత్రి మనిషి అనేసరికి అమ్మ "సరే, చూద్దాం" అంది, ఆవిడ నోట్లోంచి అది పెద్ద మాటే. యూరిన్ బాటిల్ కొత్తపేటలో కొన్నాను, నాన్న ఇంకా మొండికేస్తున్నారు. అన్నయ్యకి కూడా ఫోన్ చేశాను, ముందు కాసేపు సణిగాడు గానీ ఆ మనిషి జీతంలో సగం పంపుతానన్నాడు, నేను డబ్బు కాదు, నువ్వు రా అన్నాను, దసరాకి వస్తానన్నాడు. ఒకటే సందేహం సిస్టర్ గారూ, రాత్రి మనిషి వచ్చినా నాన్న అతన్ని ముట్టుకోనివ్వకపోతే?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
మొదటి వారం ముట్టుకోనివ్వరు, అందరూ అంతే. మీరు రెండు మూడు రాత్రులు అక్కడే పడుకుని, మీరు ఒక రెక్క, అతను ఒక రెక్క పట్టుకోండి. అమ్మగారిని మాత్రం ఆ గదిలో పడుకోనివ్వకండి, ఆవిడ పక్కనుంటే ఆయన ఆవిడనే పిలుస్తారు. మాస్టారు కదా, ఆ అబ్బాయి చేత రోజూ కాసేపు పేపర్ చదివించుకోమనండి.

రెండోవాడు:
తప్పులు దిద్దుతూ కూర్చుంటారండీ ఆయన!

నైట్‌డ్యూటీ_సిస్టర్:
దిద్దనివ్వండి.