క్లాస్ లీడర్ ఎలక్షన్‌కి చాక్లెట్లు పంచుతానంటోంది మా పాప, ఏం చెప్పాలి?

కరీంనగర్ నాన్న:
మా పాప ఆరో తరగతి. వచ్చే వారం క్లాస్ లీడర్ ఎలక్షన్. పోటీలో ఉన్న అబ్బాయి క్లాసందరికీ చాక్లెట్లు పంచాడట. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే గొడవ. "నాన్నా, నాకూ కొనియ్యి. చిన్నవి కాదు, పది రూపాయలవి" అంటోంది. అట్ల పంచి ఓట్లు అడగొద్దు బిడ్డా అన్నాను. "మరి మొన్న సర్పంచ్ ఎలక్షన్లప్పుడు ఊళ్లె నానమ్మకు ఇద్దరు మనుషులొచ్చి పైసలిచ్చిన్రు గదా, నానమ్మ తీసుకున్నది గదా" అని నా నోరు మూయించింది. వాళ్లమ్మ నవ్వుకుంటూ వంటింట్లోకి పోయింది.

నీతులు చెప్తే వినే రకం కాదు. అలాగని మా అమ్మను తప్పుపట్టి మాట్లాడలేను. ఏం చెప్పాలి? ఇంకో డౌట్, మనం ఓటేసేటప్పుడు పిల్లల్ని బూత్‌లోకి రానిస్తారా?

లత, వరంగల్:
ఆరో తరగతి పిల్లల ఎలక్షన్‌కి ఇంత టెన్షన్ దేనికండీ! కొనిచ్చేయండి. లేదా టీచర్‌కి ఫోన్ చేసి చెప్పండి, వాళ్లే ఆపేస్తారు.

రిటైర్డ్ సోషల్ టీచర్, నల్లగొండ:
లత గారూ, టీచర్ ఆపేస్తే చాక్లెట్లు బడి బయట పంచుతారు. అవన్నీ చూసినవాణ్ణి.

కరీంనగర్ నాన్న గారూ, పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా ఎన్నికల డ్యూటీలు చేశాను. పాపకు ఒక్క మాట చెప్పండి. ఆ అబ్బాయి చాక్లెట్ తిన్నవాళ్లు కూడా మీ పాపకే ఓటేయొచ్చు, ఆ సంగతి వాడికి ఎప్పటికీ తెలియదు. పిల్లలకు మొట్టమొదట అర్థం కావాల్సింది ఇదేనని నా నమ్మకం. మంచి నాయకుడు, బాధ్యత అనే పాఠాలు తర్వాత చెప్పుకోవచ్చు.

మా బడిలో మొదట్లో చేతులెత్తించేవాళ్లం. ఎత్తమనగానే పిల్లలు పక్కకు తిరిగి, దోస్తు ఎవరికి ఎత్తాడో చూసి అప్పుడు ఎత్తేవాళ్లు. అందుకని చీటీలకు మార్చాం. బీరువా వెనక బల్ల వేసి, పెద్ద అట్టపెట్టెను ఒకవైపు కోసి దాని మీద నిలబెట్టాం. గాలిపటం, బ్యాట్, కత్తెర గుర్తులు. ఒకమ్మాయి లోపలికి వెళ్లి ఎంతకీ రాలేదు. ఏమ్మా అంటే, "సార్, నిజంగా ఎవరూ చూడరా?" అంది. చూడరమ్మా అన్నాక టక్కున వేసి బయటికొచ్చింది.

ఆ ఏడాదే ఇంకో గొడవ. తడి ముద్ర మడతలో పక్క గుర్తుకు అంటుకుంది, ఓటు నాదంటే నాదని ఇద్దరూ పట్టు. నిజం బ్యాలెట్ పేపర్ మీద స్వస్తిక్ ముద్ర ఎందుకు వాడతారో అప్పుడు చెప్పాను. అంటుకున్న ముద్రలో స్వస్తిక్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది కాబట్టి ఓటరు వేసిందేదో తేలిపోతుంది. రబ్బరు ముక్క మీద చెక్కి తెచ్చి మరీ పరీక్ష చేశారు పిల్లలు.

ఓటుకు డబ్బు ఇచ్చినా, పుచ్చుకున్నా చట్టప్రకారం నేరమే. పాప దగ్గర ఆ సంగతి దాచొద్దు. నానమ్మ ముందు మాత్రం చెప్పకండి!

ఇక బూత్ సంగతి. చంటిబిడ్డను ఎత్తుకొచ్చిన ఓటరును బిడ్డతో సహా రానివ్వొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఆరో తరగతి పిల్ల చంకనెక్కదు కదా. నా బూత్‌లోనైతే తలుపు దగ్గర నిలబడనిచ్చేవాణ్ణి. వేలికి సిరా పూయడం, రిజిస్టర్‌లో సంతకం, చివర్న బీప్ శబ్దం, అన్నీ అక్కడికి తెలుస్తాయి. ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనపడుతుంది గానీ అది ఓటేసిన మనిషికే.

ఓడిపోతే ఏడుస్తుందని బెంగ వద్దు. 1996లో మా నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. చాలామంది మా ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని నామినేషన్ వేసినవాళ్లే. బ్యాలెట్ పేపర్‌ను ఏకంగా పుస్తకంలా కుట్టాల్సొచ్చింది. క్లాసులో ఇది చెప్పగానే, "డిపాజిట్ పోతుందని తెలిసి కూడా ఎందుకేసిన్రు సార్?" అనేవాళ్లు. ఆ ప్రశ్న వచ్చిందంటే ఆ రోజుకి నా పాఠం సగం అయిపోయినట్టే.

బీటెక్ కుర్రాడు:
సార్ బడి వేరు, మా స్కూల్ వేరు (పేరెందుకులెండి). ఓట్లు మేమే వేశాం, లెక్కపెట్టింది మాత్రం స్టాఫ్‌రూమ్‌లో. ఫస్ట్ ర్యాంకర్ గెలిచాడని చెప్పారు. క్లాసులో వాడికి ఓటేశానన్నవాడు ఒక్కడూ లేడు. అంకుల్, ముందు కౌంటింగ్ ఎక్కడో కనుక్కోండి. లీడర్ అయ్యాక చేసే పనేంటో కూడా అడగండి. మాకైతే మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడమే.

కరీంనగర్ నాన్న:
ఫోన్ చేశాను. అందరి ముందే, బోర్డు మీద గీతలు గీస్తూ లెక్కపెడతారట. ఆటల పీరియడ్‌లో కబడ్డీయా ఖోఖోనా అనేది లీడరే తేలుస్తారట, అదొక్కటీ నయం. చాక్లెట్ల మాట ఎత్తలేదు, ఆ అబ్బాయి పేరు బయటికొస్తుందని.

సార్ చెప్పిందే పాపకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే మా ఫ్రెండ్స్‌ని వాని దగ్గర రెండేసి తీసుకొమ్మంట" అంది. ఇదేదో వేరే దారి పట్టేటట్టుంది! ఇప్పుడు తన కొత్త డౌట్, ఇద్దరికీ సమానంగా వస్తే?

రిటైర్డ్ సోషల్ టీచర్, నల్లగొండ:
చీటీ తీయడమే. అసెంబ్లీ ఎన్నికల్లోనైనా అంతే, లాటరీలో పేరు వచ్చినవాళ్లకు ఒక ఓటు ఎక్కువ వచ్చినట్టు లెక్క. ఒక్క ఓటుతో పోయినవాళ్లూ ఉన్నారు. 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారాలో కాంగ్రెస్ నాయకుడు సీపీ జోషి అట్లాగే ఓడారు. అందుకని పాపను తన ఓటు తనకే వేసుకోమనండి. చాలామంది పిల్లలు మొహమాటానికి పోయి అవతలివాళ్లకు వేస్తారు.